తూనీగల గది పాటలక్క

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళకు నూలు, రంగులు అమ్మే దుకాణం సాంబయ్యది. ఆయన కూతురు పద్మలత హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లలకు పాటలు నేర్పేది. సంగీతంలో డిప్లొమా చేసింది కానీ, ఆమెకు అసలు పాట అబ్బింది మేనత్త పూలమ్మ దగ్గర. భర్త పోయాక పూలమ్మ తమ్ముడి ఇంటి పక్క వాటాలోనే ఉంటోంది. బతుకమ్మ పండుగకు ఆ వాడలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆమె గొంతు వినపడితే పక్క సందులవాళ్ళు కూడా తమ బతుకమ్మలు ఎత్తుకుని ఇటే వచ్చేసేవారు.

పద్మలతకు ఇరవైమూడేళ్ళప్పుడు హైదరాబాద్‌లో ఒక తెలుగు ఛానెల్ పసిపిల్లల కోసం కొత్త కార్యక్రమం మొదలుపెట్టింది. జపాన్‌లో చాలా ఏళ్ళుగా నడుస్తున్న ఒక పిల్లల కార్యక్రమం పద్ధతిని కొనుక్కుని, తెలుగు పాటలతో తీయాలనుకున్నారు. పేరు ‘తూనీగల గది’. స్టూడియోలో కొందరు చిన్నపిల్లలు ఆడుకుంటూ ఉంటారు. వాళ్ళ మధ్య ఒక అక్క పాటలు పాడుతుంది. జపాన్‌లో ఆ పాటలక్క స్థానానికి ఎంతో పేరు. ఒకరు కొన్నేళ్ళు చేసి దిగిపోతే ఇంకొకరు వస్తారు.

ఎంపికకు సినిమాల్లో కోరస్ పాడినవాళ్ళు, పోటీల్లో గెలిచినవాళ్ళు చాలామంది వచ్చారు. వాళ్ళను ఒక్కొక్కరిని పిల్లలున్న గదిలోకి పంపి పాడమన్నారు. చాలామంది గోడ పక్కన కూర్చున్న పెద్దల వైపు తిరిగి చక్కగా పాడి వెళ్ళిపోయారు. పద్మలత లోపలికి వెళ్ళేసరికి ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు, ఇంకో పిల్ల బూట్లు విప్పి విసురుతోంది. అలవాటు కొద్దీ ఆమె కింద కూర్చుంది. విసిరిన బూటు తెచ్చి ఆ పిల్ల కాలికి తొడుగుతూనే పాట మొదలుపెట్టింది. పిల్లవాడు ఏడుపు మానలేదు. కానీ వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుని ఏడ్చాడు.

జపాన్ నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన నొజోమి అనే ఆవిడ డైరెక్టర్ మధుతో, “ఈ అమ్మాయే,” అంది. ఆవిడ కూడా ఒకప్పుడు తన దేశంలో పాటలక్కగా చేసినదే.

ఒప్పందం నాలుగేళ్ళకు. పద్మలత దాన్ని ఇంట్లో చదివి వినిపించింది. ఆ నాలుగేళ్ళు పెళ్ళి చేసుకోకూడదు. బండి నడపకూడదు. వేరే వేదిక మీద, వేరే సినిమాలో, ఎక్కడా పాడకూడదు. రోడ్డు పక్కన నిలబడి తినకూడదు. జుట్టుకు రంగు వేయకూడదు.

సాంబయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. “లగ్గం చేసుకోవద్దని రాసిండ్రా? ఇదేం నౌకరి? ఆల్లెవ్వలు మనకు చెప్పెటందుకు?”

“నాలుగేండ్లే నాయిన.”

“నాలుగేండ్లంటె తక్వనా?”

గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న పూలమ్మ తలెత్తింది. “నాకు పదిహేనేండ్లకే చేసిండ్రు లగ్గం. ఏం సుఖపడ్డ? పిల్ల పాడుతనంటాంది, పాడనియ్యి తమ్మీ. నాలుగేండ్లకు అరిగిపోతదా?”

 మర్నాడు తల్లి రాజేశ్వరి కూతురి బట్టలు సర్దడానికి కొత్త సూట్‌కేసు తెప్పించింది.

ఈ నిబంధనలన్నీ ఎందుకని పద్మలత నొజోమిని అడిగింది. ఆవిడ తడుముకుంటూ ఇంగ్లీషులో చెప్పింది. టీవీ చూసే పసివాడికి పాటలక్క ఆ గదిలోనే ఉంటుంది, అక్కడే నిద్రపోతుంది, తన కోసమే పొద్దున లేస్తుంది. అదే అక్క బండి మీంచి పడి కాలికి కట్టుతోనో, ఇంకో పాటకు డాన్సు చేస్తూనో కనపడితే వాడికి అర్థం కాదు. “నీకు కష్టమే. కానీ వాడికి మూడేళ్ళు,” అందావిడ.

పని తేలిక కాదు. పళ్ళు తోముకునే పాట, చొక్కా తొడుక్కునే పాట, అన్నం ముద్దల పాట. ఒక్కో పాటను పిల్లలు కుదురుగా ఉండేదాకా మళ్ళీ మళ్ళీ పాడాలి. మధ్యలో ఒకరు చెడ్డీ తడుపుకుంటారు, ఒకరు కెమెరా వెనకాల అమ్మ దగ్గరికి పరుగెత్తుతారు. ఏం జరిగినా ముఖంలో చికాకు కనపడకూడదు. నొజోమి నేర్పినవన్నీ చిన్న చిన్న విషయాలు. పిల్లవాడి కళ్ళ ఎత్తుకు నీ కళ్ళు రావాలి. మొదటి అక్షరం మెల్లగా పలకాలి. చరణం చివరి మాట నువ్వు పాడకు, ఆగు. వాడు ఆ మాట అందుకునేదాకా ఆగు. పద్మలతకు ఆ ఆగడమే అన్నిటికంటే కష్టమైంది. కెమెరా తిరుగుతుంటే నోరు మూసుకుని నవ్వుతూ ఎదురుచూడడం భయంగా ఉండేది. కొన్ని నెలలకు అలవాటైంది.

యాస కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ఒకసారి ఏడుస్తున్న పాపతో ఆమె, “ఏడ్వకు బిడ్డా, జర ఇటు సూడు,” అంది. పాప చూసింది. కానీ మధు షూటింగ్ ఆపి, “పద్మా, అన్ని జిల్లాల పిల్లలూ చూస్తారు. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడు,” అన్నాడు. అతను కోపంగా అనలేదు. ఆమె కూడా వాదించలేదు. “ఇటు చూడు తల్లీ,” అని మళ్ళీ చేసింది. ఏడాది తిరిగేసరికి ఇంటికి ఫోన్ చేసినా పుస్తకం మాటే నోట్లోంచి వచ్చేది. “నువ్వు మా పిల్లవేనా?” అని పూలమ్మ నవ్వేది.

కార్యక్రమం బాగా నడిచింది. పొద్దున్నే టీవీలో తూనీగల గది పెట్టి పిల్లలకు అన్నం తినిపించడం చాలా ఇళ్ళలో అలవాటైపోయింది. రెండో ఏడు బతుకమ్మకు పద్మలత ఇంటికి వచ్చినప్పుడు వాడలో ఆమెను చూడడానికి పిల్లలు గుమిగూడారు. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, ఆడవాళ్ళంతా గుండ్రంగా నిలబడ్డాక పూలమ్మ పాట ఎత్తుకుని రెండు చరణాలు పాడింది. తర్వాత పక్కనే ఉన్న మేనకోడలి భుజం తట్టి, “ఇగ నువ్వు పాడు కోడలా,” అంది.

చుట్టూ అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి.

వచ్చేముందే పద్మలత ఆఫీసులో అడిగింది. పండుగ పాట ఒక్కటి పాడుకోవచ్చా అని. కుదరదన్నారు. ఇవాళ పాడితే రేపటికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలో ఉంటుందన్నారు. ఆమె ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎవరూ అడగరులే అనుకుంది.

“నేను పాడద్దత్తా,” అంది మెల్లగా.

“పాడద్దా? ఎందుకు?”

“ఆల్లు ఒద్దన్నరు. రాసిచ్చిన గదా.”

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో వెనక నుంచి, “టీవీల పాడెటామె మన పాట పాడ్తదా?” అన్నారు.

 మిగిలిన చరణాలు పూలమ్మే పాడింది. పద్మలత ఆమె పక్కన చప్పట్లు మాత్రం కొడుతూ తిరిగింది. బతుకమ్మలను నీళ్ళలో వదిలి వచ్చాక గుమ్మం దగ్గర ఆగి పూలమ్మ, “పాట నేను నేర్పిన. దానికి తాళం ఆల్లు ఏసుకున్నరు,” అని తన వాటాలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పూలమ్మ ఫోన్ చేయడం మానేసింది. ఎదురుపడితే తిన్నావా, ఎప్పుడు పోతావు అనేది. అంతే. పద్మలత సర్దిచెప్పబోతే, “నీ నౌకరి నీది బిడ్డా, నాకేం కోపం?” అనేది. ఆ మాట అనే తీరులోనే కోపం ఉండేది.

నాలుగేళ్ళ ఒప్పందాన్ని ఇంకో రెండేళ్ళు పొడిగించారు. తర్వాత పూజ అనే అమ్మాయిని ఎంచుకున్నారు. ఆ అమ్మాయికి పాటలు నేర్పే పని పద్మలతదే. పూజ మంచి పిల్ల, గొంతు తేలిగ్గా పైకి వెళ్తుంది. చివరి షూటింగ్ రోజున పద్మలత ‘వెళ్ళొస్తాను’ అని ఒక పాట పాడింది. స్టూడియోలో లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. పిల్లలు మాత్రం బిస్కెట్లు తింటూ కూర్చున్నారు. పాట అయ్యాక ఒక బాబు వచ్చి తన సగం బిస్కెట్టు ఆమె చేతిలో పెట్టి, రేపు కొత్త బూట్లు వేసుకొస్తానని చెప్పి పోయాడు.

ఆ రోజు నొజోమి జపాన్ నుంచి వీడియో కాల్ చేసింది. తను దిగిపోయిన మర్నాడు ఏం జరిగిందో చెప్పింది. ఇంట్లో కూర్చుని టీవీ పెట్టిందట. కొత్త అక్క పాడుతోంది, పిల్లలు ఆమె చెయ్యి పట్టుకుని తిరుగుతున్నారు. “ఒక నెలకు నన్ను మరిచిపోయారు. మొదట ఏడ్చాను. పని సరిగ్గా చేశానన్నమాటే కదా అని చాలా రోజుల తర్వాత తోచింది. నీకూ వెంటనే తోచదులే,” అంది.

నిజంగానే తోచలేదు. పద్మలత ఏడాది పాటు హైదరాబాద్‌లోనే ఉండి సినిమా పాటల కోసం తిరిగింది. గొంతు విన్నవాళ్ళంతా బాగుందన్నారు కానీ, “కళ్ళు మూసుకుంటే పళ్ళు తోముకునే పాటే గుర్తొస్తోందమ్మా,” అన్నాడు ఒక సంగీత దర్శకుడు. పెళ్ళిళ్ళలో పాడడానికి పిలిస్తే అక్కడా అదే పాట అడిగారు. అడిగిన పిల్లలు అప్పటికే పెద్దవాళ్ళయ్యారు, వెక్కిరింపుగా అడిగేవారు. ఆమె గది ఖాళీ చేసి వరంగల్ వచ్చేసింది. సంబంధాలు చూస్తానని సాంబయ్య అన్నాడు. జర ఆగమంది.

వచ్చి రెండు వారాలు కాకముందే ఒక పొద్దున పూలమ్మ వాకిలి ఊడుస్తూ పడిపోయింది. దవాఖానకు తీసుకుపోయేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు చెప్పి కొన్నాళ్ళకు ఇంటికి పంపారు.

కాలు కొద్దికొద్దిగా కదిలింది. మాట మాత్రం రాలేదు. ఏం చెప్పబోయినా “ద... ద...” అనే వచ్చేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమె ముందే, “మతి పోయినట్టున్నది పాపం,” అనేవాళ్ళు. ఆ మాట అర్థమై పూలమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేది. సాంబయ్య అక్క ముందు కూర్చోలేక దుకాణానికి పోయేవాడు. స్నానం చేయించడం, తినిపించడం రాజేశ్వరీ పద్మలతా పంచుకున్నారు.

ఒక మధ్యాహ్నం పద్మలత ఆమెకు తల దువ్వుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. చిక్కు తీస్తూ తీస్తూ తనకు తెలియకుండానే పూలమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాట ఒకటి అందుకుంది. చరణం చివరికి వచ్చేసరికి ఆరేళ్ళ అలవాటు. ఆగింది.

పూలమ్మ ఆ చివరి మాట పాడింది. తడబడలేదు, నత్తి రాలేదు. మాట మాటలాగే వచ్చింది.

పద్మలత చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ముందుకు వచ్చి కూర్చుని ఇంకో చరణం పాడి ఆగింది. పూలమ్మ మళ్ళీ అందుకుంది. మూడోసారి చరణం సగం నుంచే ఇద్దరూ కలిసి పాడారు. తర్వాత పూలమ్మ ఏదో చెప్పబోయింది. “ద... ద...” అనే వచ్చింది. ఆమెకు కోపంతో కన్నీళ్ళు తిరిగాయి.

మర్నాడే పద్మలత హనుమకొండలో స్పీచ్ థెరపీ చేసే మానస అనే ఆమె దగ్గరికి వెళ్ళింది. మానస తలుపు తీయగానే, “మీరు పాటలక్క గదా! మా బాబు మీ పాట పెడితెనే అన్నం తినేటోడు,” అంది. విషయం విన్నాక తీరిగ్గా చెప్పింది. మాటలు పుట్టే చోటు మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా, పాటను పట్టుకునే చోట్లు రెండో పక్క బాగానే ఉండవచ్చు. అందుకే మాట్లాడలేని కొందరు పాడగలరు. రోజూ అవసరమయ్యే మాటలకు చిన్న రాగం కట్టి, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పాడిస్తే, మెల్లగా ఆ మాటలు రాగం లేకుండా కూడా రావచ్చు. “అందరికి రావు. వచ్చినా అన్ని మాటలు రావు. ఓపిక గావాలె,” అంది. “ఓపిక సంగతి మీకు చెప్పాల్నా?”

మొదటి రోజులు ఘోరంగా గడిచాయి. పద్మలత మంచం పక్కన కింద కూర్చుని, నవ్వుముఖం పెట్టి, “అత్తా, నీళ్ళు కావాలా?” అని రాగం తీసింది. పూలమ్మ ముఖం తిప్పుకుంది. మళ్ళీ పాడితే గ్లాసు విసిరింది. రాజేశ్వరి నీళ్ళు తుడుస్తూ, “నువ్వు టీవీ గొంతుతోని మాట్లాడబట్టె ఆమెకు గుస్స లేస్తాంది. చిన్నపోరగాల్లకు చెప్పినట్టు చెప్తానవ్,” అంది.

పద్మలత ఆ సాయంత్రం కింద కూర్చోలేదు. మంచం మీదే అత్త పక్కన కూర్చుంది. ఆమె ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని, మంచం పట్టె మీద తాళం వేస్తూ, పూలమ్మ బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు పాడే వరసలోనే, “నీల్లు గావాల్నే నాకు...” అని ఆగింది. నవ్వలేదు. ఊరికే ఎదురుచూసింది. చాలాసేపయ్యాక పూలమ్మ, “నీల్లు...” అని పాడింది. కాసేపు ఆగి, “గావాల్నే,” అంది.

ఆ తర్వాత ఒక్కో మాటా వచ్చింది. బువ్వ, చాయ్, ఫ్యాను, లేపు. కొన్ని మాటలు ఒక రోజు వచ్చి మర్నాడు రాలేదు. ఒక్కోసారి బువ్వ అనబోయి చీపురు అనేది, తనే నవ్వేది. ఒక పొద్దున రాజేశ్వరి ఇచ్చిన చాయ్ తాగి పూలమ్మ ఎవరూ అడక్కుండానే రాగం తీసింది. “చాయ్ల... చక్కెర... లేదే...” దుకాణానికి బయలుదేరుతున్న సాంబయ్య గుమ్మంలో ఆగిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి చక్కెర డబ్బా తనే తెచ్చి అక్క ముందు పెట్టాడు. షుగర్ ఉందని డాక్టర్ వద్దన్నారని రాజేశ్వరి అరుస్తున్నా వినలేదు.

ఇంకొన్నాళ్ళకు ఒక సాయంత్రం తాళం వేస్తుండగా పూలమ్మ పద్మలత చేతిని ఆపింది. వెతుక్కుని వెతుక్కుని పాడింది. “ఆనాడు... నువ్వు... పాడలే...”

పద్మలతకు ఏ రోజో వెంటనే అర్థమైంది. “పాడలే అత్తా. పాడాల్సింది.”

పూలమ్మ తల అడ్డంగా ఊపింది. తను అనాలనుకున్నది అది కాదు. మళ్ళీ మొదలుపెట్టింది. “నేను... తిట్టిన...” తర్వాతి మాట దొరకలేదు. మేనకోడలి తల మీద ఎడమ చెయ్యి వేసి అలాగే ఉంచింది. పద్మలత ఏడ్చింది. పూలమ్మ ఏడవలేదు. కాసేపటికి, “బువ్వ,” అంది. రాగం లేకుండానే అంది.

మానస ఇదంతా రెండు మూడుసార్లు ఇంటికి వచ్చి చూసింది. తన సెంటర్‌కు ఇలాంటివాళ్ళు చాలామంది వస్తారని, వారానికి నాలుగు రోజులు వచ్చి పనిచేయమని అడిగింది. ఎలా చేయాలో తాను పక్కనుండి నేర్పుతానంది.

“టీవీల పాడిన పిల్ల దవాఖానల పాడుడేంది?” అన్నాడు సాంబయ్య.

“ఈడ ఎవ్వలు చూడరు నాయినా. పాడితె చాలు.”

 ఆయన హనుమకొండ ఆటోలు ఎక్కడ తొందరగా దొరుకుతాయో చెప్పాడు.

సెంటర్‌లో ఆమె దగ్గరికి మొదట వచ్చినవాడు పోశయ్య. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాడు. పక్షవాతం వచ్చి కొన్ని నెలలైంది. భార్య సమ్మమ్మ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, “ఈయనతోని కాదమ్మా. పుట్టినకాన్నుంచి ఒక్క పాట పాడినోడు గాదు. భజనకు పొమ్మన్నా పోయెటోడు గాదు,” అంది.

పద్మలత రెండు మూడు పాటలు మొదలుపెట్టి చూసింది. పోశయ్య గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. నిజంగానే అతనికి పాటలంటే ఇష్టం లేనట్టుంది. ఆమె మానస వైపు చూసింది. మానసకూ ఏం తోచలేదు.

“ఏ రూట్ల చేసిండు పెద్దనాయిన?” అని పద్మలత సమ్మమ్మను అడిగింది.

“కరీంనగర్ రూటే. బస్టాండ్ల నిలబడి ఒర్రి ఒర్రి గొంతు గీక్కపోయేది.”

పద్మలత కుర్చీ దగ్గరికి జరిగి, పోశయ్య ఎడమ చేతిని బల్ల మీద పెట్టించి తాళం వేయించింది. ఎన్నోసార్లు విన్న అరుపే కాబట్టి సరిగ్గా అలాగే సాగదీస్తూ, “హన్మకొండ, హసన్‌పర్తి...” అని ఆగింది.

పోశయ్య పెదవులు కదిలాయి. ఏ శబ్దమూ రాలేదు. ఆమె మళ్ళీ అంది. మళ్ళీ ఆగింది. బయట ఎవరిదో ఫోన్ మోగి ఆగింది.

“ఎల్కతుర్తి,” అన్నాడు పోశయ్య. వెంటనే గొంతు పెరిగింది. “ఎల్కతుర్తి, హుజురాబాద్, హుజురాబాద్, హుజురాబాద్!”

పక్క గదిలోవాళ్ళు తొంగిచూశారు. సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఊరి పేరు అతనికి అందలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని వెతుక్కున్నాడు.

“ఇయ్యాల్టికి హుజురాబాద్ దాకనే పోదాం పెద్దనాయిన,” అంది పద్మలత. “రేపు ఆడికెల్లి ఎక్కుదాం.”

పోశయ్య ఆమె వైపు తిరిగి చూశాడు. ఎడమ చేత్తో బల్లను రెండుసార్లు గట్టిగా చరిచాడు.

“రైట్,” అన్నాడు.